హెడ్‌ఫోన్ల ధ్వని, నిర్మాణం: నాలుగు నమూనాల పరిశీలన

సంగీతాన్ని శ్రద్ధగా వినేవారు హెడ్‌ఫోన్ కొనే ముందు అడిగే మొదటి ప్రశ్న దాని ధ్వని ఎలా ఉంటుందన్నది. మూడు నాలుగేళ్లు గడిచాక ప్రశ్న మారుతుంది. తీగ తెగితే మార్చుకోవచ్చునా, చెవిమెత్తలు విడిగా దొరుకుతాయా అని విచారిస్తారు. ఈ రెండింటినీ వేర్వేరు విషయాలుగా చూడటం వాడుక అయినది. వాస్తవానికి అవి విడదీయరానివి. శబ్దాన్ని పుట్టించే డ్రైవర్‌కూ చెవికీ మధ్య ఎంత దూరం ఉండాలో నిర్ణయించేది మెత్తయే. అది అణగిపోతే ఆ దూరం తగ్గుతుంది. చెవి చుట్టూ అది సరిగా ఆనకపోతే, ముఖ్యంగా మూసిన రకంలో, మంద్రస్వరాలు పలచబడతాయి. కొన్ననాడు విని మెచ్చుకున్న ధ్వని అప్పటికి ఆ పెట్టెలో ఉండదు.

హెడ్‌ఫోన్లలో ప్రధానంగా రెండు రకాలు కలవు. చిప్పల వెనుక భాగం పూర్తిగా మూసి ఉన్నది ఒకటి, జాలీవలె తెరచి ఉన్నది రెండవది. జర్మనీకి చెందిన బేయర్‌డైనమిక్ సంస్థ 1937లో డీటీ 48 అనే నమూనాను తెచ్చింది. అమెరికాలో కాస్ సంస్థ 1958లో స్టీరియో హెడ్‌ఫోన్‌ను ప్రవేశపెట్టింది. తెరచిన రకానికి ప్రాచుర్యం తెచ్చినది మాత్రం 1968లో సెన్‌హైజర్ చేసిన హెచ్‌డి 414. తెరచిన వాటిలో శబ్దం తలలో ఇరుక్కున్నట్లు గాక కొంత ఎడంగా, గాలి ఆడుతున్నట్లు వినిపిస్తుంది. కాని లోపలి పాట బయటికీ, బయటి రొద లోపలికీ యథేచ్ఛగా వస్తాయి.

తెరచిన రకంలో కొలబద్దగా నిలిచినది సెన్‌హైజర్ హెచ్‌డి 600. ఇది 1997లో వచ్చింది. నేటికీ తయారవుతున్నది. 2022లో ఆ సంస్థ గృహవినియోగ విభాగం స్విట్జర్లాండుకు చెందిన సొనోవా చేతికి మారినా ఈ నమూనా ఆగలేదు. మనిషి గొంతును ఇది పలికించే తీరు విశిష్టమైనది. గాయకుని ఊపిరి, వయొలిన్ కమాను మలుపు, వీణ మీటులోని తొలి స్పర్శ అతిశయం లేకుండా వినవస్తాయి. లోపం మంద్రంలో ఉన్నది. సుమారు 50 హెర్ట్జ్ దిగువన శబ్దం క్రమంగా బలహీనమవుతుంది. మృదంగం ఎడమ ముఖపు గుంభనం ఉండవలసినంత నిండుగా ఉండదు. 2003లో వచ్చిన హెచ్‌డి 650 ఈ విషయంలో కొంచెం వెచ్చగా ఉంటుంది, పై స్వరాలు కాస్త మెత్తబడతాయి. ఆ రెంటిలో ఏది మేలన్న వాదం ఇరవై ఏళ్లు దాటినా తెగలేదు. గాత్ర సంగీతానికి మొదటిదే సరిపోతుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నిర్మాణంలో హెచ్‌డి 600 ఎక్కువ భాగం ప్లాస్టిక్. చేతికి తేలికగా, సుమారు 260 గ్రాములు తూగుతుంది. చూడగానే ఇంత ధరకు ఇదేనా అనిపిస్తుంది. దాని గొప్పతనం విప్పదీయగల తీరులో ఉన్నది. తీగ రెండు చిప్పల నుండి ఊడివస్తుంది. మెత్తలు, తలపట్టీ మెత్త, లోహపు జాలీలు చేతితోనే మార్చుకోవచ్చు. కొత్తలో తలను గట్టిగా బిగిస్తుంది, వాడగా వాడగా సడలుతుంది.

బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో స్వభావం ఇందుకు భిన్నం. మంద్రం పుష్టిగా, తారం పదునుగా, మధ్యస్థాయి కొంచెం వెనుకకు నెట్టినట్లు ఉంటుంది. 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దం ఎత్తి చూపుతుంది. అందువలన స, శ, ష అక్షరాలు చెవిని గీస్తాయి. పాత సినిమా పాటల రికార్డులలో సర్రుమనే చప్పుడు పాటకన్న ముందు వినిపించవచ్చు. శరీరం మాత్రం దృఢం. ఉక్కు తలపట్టీ, చెవికి హాయినిచ్చే ముఖమల్ మెత్తలు. అయితే చుట్టలు చుట్టిన తీగ ఎడమ చిప్పలోనే స్థిరంగా బిగించి ఉంటుంది.

మూసిన రకంలో సోనీ ఎండీఆర్-7506 చెప్పదగినది. 1991 నుండి ధ్వనిముద్రణ గదులలో వాడుకలో ఉన్నది. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. ముద్రణలోని తప్పులను వెతికి చూపడానికి అనువైన నిశితమైన ధ్వని, అంటే విశ్రాంతిగా వినడానికి కాదు. దీని పలుచని కృత్రిమ తోలు మెత్తలు చెమటకు పొరలు పొరలుగా రాలుతాయి. మన ఎండలకు ఇది చిన్న మాట కాదు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని గ్రాడో ఎస్ఆర్60 శ్రేణి చెవిమీద ఆనే నురుగు మెత్తలతో ఉంటుంది. గిటారు వంటి తంత్రులకు ఉత్సాహం, మంద్రానికి కొరత.

ధరతోపాటు చూడవలసిన అంకె ఇంపిడెన్స్. హెచ్‌డి 600కు 300 ఓమ్‌లు, డీటీ 990 ప్రోకు సాధారణంగా 250, సోనీకి 63, పాత ఎస్ఆర్60కు 32. మొదటి రెండింటికి ఎక్కువ వోల్టేజి కావలెను. నేరుగా ఫోనుకు తగిలిస్తే పాట సన్నగా వినిపించవచ్చు. విడిగా చిన్న యాంప్లిఫయర్ కొనవలసి వస్తే ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

వినే చోటును కూడా ఆలోచించాలి. మోటారు ఆడే పొలం గట్టున, బస్సులో, నలుగురు మసలే ఇంట తెరచిన రకం పెట్టుకుంటే రొదను మించడానికి శబ్దం పెంచక తప్పదు. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్, పిల్లలకు 75 డెసిబెల్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శబ్దం 3 డెసిబెల్ పెరిగితే సురక్షిత సమయం సగమవుతుంది. చెవిలో గుయ్‌మనే మోత మిగిలితే అది హెచ్చరికయే. కనుక ఇంటిల్లిపాదీ వాడుకోవాలంటే మూసిన రకం మేలు, ఒంటరిగా నిశ్శబ్దంగా వినే గది ఉంటేనే హెచ్‌డి 600 తన విలువ చూపుతుంది.

వాడినవి కొనేవారు చిప్పల ధ్వని రెండువైపులా సమంగా ఉన్నదో లేదో మొదట చూడాలి. ఒకే గొంతు గల పాటను వింటే ఆ గొంతు సరిగా నడుమ నిలవాలి. తరువాత పాట సాగుతుండగా తీగను మొదలు నుండి కొన వరకు మెల్లగా వంచి, ఎక్కడైనా చిటపటలు పుడుతున్నవేమో వినాలి. ఫోనుకు తగిలించే కొనవద్ద తెగిన తీగను టంకం పెట్టగల రేడియో మెకానిక్ తక్కువ ఖర్చుతో బాగుచేయగలడు. చిప్ప లోపల తెగినదైతే పని సున్నితం, డ్రైవర్ మీద పొరను ముట్టుకోకుండా విప్పగల వారికే ఇవ్వాలి.