శిశ్నవక్రత

పురుషాంగము స్తంభించినప్పుడు తిన్నగా నిలువక మీదికో, క్రిందికో, ప్రక్కకో వంగియుండుటకు శిశ్నవక్రత యని పేరు. కొద్దిపాటి వంపు ఆరోగ్యవంతులలో ఎందరికో సహజముగనే ఉండును గనుక దానిని వ్యాధిగా నెంచరాదు. దాంపత్యమునకు అడ్డువచ్చునంతటి వంపు, నొప్పి, అంగము పొట్టిపడుట, స్తంభనశక్తి సన్నగిల్లుట, మనస్సును కృంగదీయు వేదన, వీనిలో ఏదైన నున్నప్పుడే అది వైద్యవిషయమగును. ఈ వక్రత రెండు విధములు: పుట్టుకతో వచ్చునది, తరువాతి కాలమున, ఎక్కువగా నడివయస్సున, వచ్చునది. ఈ రెంటికి కారణము వేరు, నడక వేరు, చికిత్సకు అదను వేరు, కావుననే వైద్యుడు మొట్టమొదట అడుగు ప్రశ్న “ఎప్పటినుండి?” యన్నదే.

నిర్మాణము

అంగములో నిలువునా జంటగా సాగు రెండు స్తంభన పిండములు కలవు. వీనిలో నెత్తురు నిండగా, వీనిని చుట్టియున్న ట్యూనికా ఆల్బుజీనియా యను తెల్లని దృఢమైన పొర బిగిసి, అంగము గట్టిపడును. ఆ పొర అన్నివైపుల సమముగ సాగినంతకాలము వంపునకు తావులేదు. ఒకవైపు పొర పుట్టుకతోనే కురుచయైనను, మచ్చకట్టి సాగుదల కోల్పోయినను, పంచరు పట్టీ వేసిన సైకిలు ట్యూబు గాలి కొట్టగా పట్టీ ఉన్న వైపునకే వంగునట్లు, అంగము ఆ వైపునకే వంగును.

జన్మసిద్ధ వక్రత

ఇది బాల్యమున గుర్తింపునకు రాక, యౌవనారంభమున స్తంభనములు బలపడిన పిదప బయటపడును. వంపు సాధారణముగ క్రిందికి ఉండును. చేతికి గడ్డ తగులదు, నొప్పి ఉండదు. ఇది మందులకు లొంగదు. మూత్రద్వారము అంగాగ్రమున గాక క్రిందివైపున తెరచుకొను హైపోస్పేడియాస్ అను లోపముతో కూడిన వంపును మాత్రము సాధారణముగ పసితనముననే శస్త్రచికిత్సతో సరిచేయుదురు.

పెరోనీ వ్యాధి

రెండవ విధమగు వక్రత ఇదియే. ఫ్రెంచి రాజు పదునైదవ లూయీ ఆస్థాన శస్త్రవైద్యుడైన ఫ్రాన్స్వా జిగో ద లా పెరోనీ 1743లో ఈ వ్యాధిని వర్ణించుటచే దీనికి ఆయన పేరు వచ్చినది. 50 ఏండ్ల ప్రాయమున ఇది ఎక్కువగా కనబడినను, యువకులకు రాకపోదు. సంభోగకాలమున తెలియకయే కలుగు సూక్ష్మగాయములు మానునప్పుడు కొల్లాజెన్ అను పీచుపదార్థము అపరిమితముగ పేరుకొని, పొరలో గట్టి ఫలకము ఏర్పడునని నేటి వైద్యుల అభిప్రాయము. మధుమేహము గలవారికిని, అరచేతి పొర ముడుచుకొని వ్రేళ్లు వంగు డూపిట్రెన్ వ్యాధి గలవారికిని ఇది వచ్చు అవకాశము హెచ్చు. తొలిదశయందు నొప్పి ఉండి, వంపు మారుచుండును. 6 మొదలు 18 నెలలలో నొప్పి సమసి, వంపు స్థిరపడును. చికిత్స లేకయే వంపు తగ్గువారు స్వల్పసంఖ్యాకులే.

నిర్ధారణ

వైద్యుడు అంగమును మెల్లగా సాగదీసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తడిమిచూడగా ఫలకము చింతగింజవలె గట్టిగా తగులును. రోగి ఇంటివద్ద స్తంభన సమయమున మీదినుండియు ప్రక్కనుండియు ఫోనుతో తీసికొన్న చిత్రములు ఎంతో తోడ్పడును. సూదిమందుతో స్తంభనము కలిగించి, కోణమానినితో వంపును కొలిచి, డాప్లర్ పరీక్షతో రక్తప్రసారమును చూచుట తరువాతి మెట్టు. అంగము ఫట్మని విరిగినట్లు ధ్వనించి, స్తంభనము హఠాత్తుగా జారి వాపు వచ్చినచో అది వక్రత గాదు, ఆ పొర చిట్లుటయే. తక్షణమే ఆసుపత్రికి చేరవలెను.

చికిత్స

విటమిన్ ఇ మాత్రలవలన వంపు తగ్గినట్లు ఋజువు కాలేదు. ధ్వనితరంగ చికిత్స నొప్పిని తగ్గించునే గాని వంపును తీర్చదు. ఫలకమును కరగించు కొల్లాజినేజ్ సూదిమందునకు 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించినది. 30 డిగ్రీలు గాని అంతకు మించి గాని ఉన్న వంపునకు దానిని వాడుదురు.

శస్త్రచికిత్స మాత్రము వంపు స్థిరపడిన పిదపనే చేయదగినది. మారుచున్న వంపును సరిచేసినచో అది మరల మారవచ్చును. శస్త్రవైద్యుడు సూదితో ఉప్పునీరు ఎక్కించి కృత్రిమ స్తంభనము కలిగించి, వంపునకు ఎదురువైపున చుక్కలు గుర్తించి, పొడవైన ప్రక్కను కుట్లతో కుదించును. 1965లో రీడ్ నెస్బిట్ జన్మసిద్ధ వక్రతకు ఇట్లే ఎదురువైపు పొరలో కొంత కోసి కుట్టు పద్ధతిని ప్రకటించెను. ఈ పద్ధతులలో అంగము కొంత పొట్టిపడును. ఈ మాట ముందుగనే చెప్పుట వైద్యధర్మము. వంపు 60 డిగ్రీలకు మించినపుడు కురుచవైపు పొరను తెరచి అతుకు వేయుదురు. స్తంభనశక్తియు నశించినచో కృత్రిమ దండమును అమర్చుదురు.

అతుకు వేయుటలో హైదరాబాదునకు ఒక గౌరవస్థానము కలదు. ఈ నగరపు ఆండ్రాలజీ (పురుష జననాంగ వైద్య) శస్త్రవైద్యుడు సుధాకర్ కృష్ణమూర్తి, అంగచర్మపు లోపొరనే రక్తప్రసారముతో సహా మళ్లించి అతుకుగా వాడు పద్ధతిని, 17 మంది రోగులతో గడించిన నాలుగేండ్ల అనుభవముతో, 1995లో అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రకటించెను.

హైదరాబాదు నేపథ్యము

1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములకు ఉభయ తెలుగు రాష్ట్రముల యువకులు ఉద్యోగార్థులై తరలివచ్చి, హాస్టలు గదులలో కాపురమున్నారు. పెండ్లిచూపులు కుదిరిన వేళ ఈ వంపు గురించిన భయము వారిలో కొందరిని నిద్రకు దూరము చేయును. అమ్మానాన్నలకు చెప్పుకొనలేరు, గదిలోని మిత్రునికి చెప్పుకొనలేరు. అట్టివారికొఱకే గోడలమీద “గుప్తరోగములకు గ్యారంటీ చికిత్స” యను ప్రకటనలు కాచుకొనియుండును. జననాంగపు పరిమాణమును ఆకారమును మెరుగుపరచునని ఏ ఔషధమును చెప్పుకొనరాదని 1945 నాటి ఔషధ నియమావళిలోని ‘జె’ షెడ్యూలు నిషేధించుచున్నది. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులయందును, పంజాగుట్ట నిమ్స్ నందును యూరాలజీ (మూత్ర, జననాంగ వైద్య) శాఖలు కలవు. హైటెక్ సిటీ ఆసుపత్రులలోను యూరాలజీ నిపుణులు కలరు. విజయవాడ వైద్యుడు సమరం ‘స్వాతి’ వారపత్రికలో ఇట్టి ప్రశ్నలకు సూటిగా జవాబులు వ్రాసి, తెలుగు పాఠకునకు అడుగు ధైర్యమును చాల కాలము క్రిందటనే అలవరచెను.

సిగ్గువలన జరుగు పెద్ద నష్టము ఔషధములకు పోయిన ధనము గాదు, జారిపోయిన కాలము. యౌవనారంభము నుండియు మారక ఉన్న వంపునకు తొందరలేదు. నిరుడు లేక ఈ ఏడు నొప్పితో మొదలైన వంపునకు తొలినెలలు అమూల్యములు. కావున అట్టి మార్పు గమనించిన పురుషుడు ఆ నెలను గుర్తుంచుకొని, రెండు చిత్రములు వెంటబెట్టుకొని, యూరాలజీ వైద్యునియొద్దకు నేరుగ పోవలెను. వైద్యుడు అడుగబోవు తొలిప్రశ్నకు సమాధానము అప్పటికే ఆతని చేతిలో ఉండును.