మింబర్ మీద పాలకుని పేరు



జుమా ఖుత్బాలో పాలకుని పేరు పలకడం ఒకప్పుడు ముస్లిం రాజ్యాలలో స్థిరపడిన ఆచారం. నాణెంపై ఎవరి పేరు చెక్కబడి ఉంటే, మింబర్ మీద ఎవరి పేరు వినబడితే, వారే ప్రభువులని లెక్క. బనూ ఉమయ్యా పాలనలో ఈ ఆచారం మరింత దిగజారి, అదే మింబర్ మీది నుండి హజ్రత్ అలీ (రజి)ని నిందించడం కూడా మొదలయింది. క్రీ.శ. 717లో ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఆ దురాచారాన్ని మాన్పించారు. పాలకుని మాట మింబర్ ఎక్కితే ధర్మం ఎంతగా మూగబోతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

మన నేల సంగతికి వద్దాం. మేము ఈ పంక్తులు రాస్తున్న పెద్దమందడి 1948 దాకా నిజాం రాజ్యంలోని ఊరే. వనపర్తి, గద్వాల సంస్థానాధీశులు నిజాంకు పేష్కష్ చెల్లించినవారే. ఆసఫ్‌జాహీలు దాదాపు స్వతంత్రులుగానే పాలించినా, 1857 వరకు హైదరాబాద్ ఖుత్బాలో మొగలు చక్రవర్తి పేరే వినిపించేది. ఢిల్లీ ఆంగ్లేయుల వశమయ్యాక ఆ స్థానంలోకి నిజాం పేరు వచ్చింది. అయితే మింబర్ ఎదుట కూర్చున్నవారందరూ ఆ పేరుకు తలవంచలేదు. మేము నేడు చెప్పదలచినది వారి చరిత్ర.

వారికి ఆ ధైర్యం ధర్మం నుండే వచ్చిందనడానికి ఆధారాలకు కొదవ లేదు. తాను సన్మార్గంలో ఉన్నంతవరకే తనకు విధేయులై ఉండాలనీ, దారి తప్పితే సరిదిద్దాలనీ హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన వెంటనే ప్రజలను కోరారు. మనలో అత్యధికులు అనుసరించే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన న్యాయాధిపతి పదవిని తిరస్కరించి చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150లో బాగ్దాదులో కన్నుమూశారు. ఇక కర్బలా గురించి పాలమూరు పల్లెలకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. పీర్ల చావడి లేని ఊరు ఇక్కడ అరుదు. పీర్లను ఎత్తే ఆచారంపై పండితుల అభిప్రాయం వేరు. అది మరొక శుక్రవారపు విషయం. యజీదుకు బైఅత్ చేయనని ఇమామ్ హుసైన్ (రజి) హిజ్రీ 61లో ప్రాణమిచ్చిన గాథను మాత్రం ఇక్కడి హిందూ సోదరులు సైతం తమదిగా భావిస్తారు.

1857 జూలై 17 శుక్రవారం. ఆంగ్లేయుల పక్షాన ఢిల్లీపైకి నడవడానికి నిరాకరించిన జమేదార్ చీదా ఖాన్, నిజాం ఆదుకుంటాడన్న ఆశతో అనుచరులను వెంటబెట్టుకొని హైదరాబాద్ చేరాడు. ప్రధాని సాలార్‌జంగ్ ఆదుకోకపోగా, వారిని పట్టించి రెసిడెంటుకు అప్పగించాడు. ఈ వార్తతో నగరం ఉడికిపోయింది. మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో దాదాపు అయిదువందల మంది రొహిల్లాలు, నగరవాసులు కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. ఫిరంగుల ముందు ఆ దాడి నిలువలేదు. మౌల్వీ సాహెబ్‌ను అండమాన్‌కు పంపారు. తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెర నుండి తప్పించుకొన్నా, కొద్ది రోజులకే తూప్రాన్ వద్ద హతుడయ్యాడు. ఆయన దేహాన్ని నగరంలో బహిరంగంగా వేలాడదీశారు. వారు ఎదిరించింది కేవలం పరదేశీయులను కాదన్నది మనం గమనించాలి. ఆంగ్లేయుల పక్షం వహించిన తమ సొంత దర్బారును కూడా వారు ధిక్కరించారు.

దౌర్జన్యానికి మతం లేదని షేక్ బందగీ కథ మరోవైపు నుండి చెబుతుంది. జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెంలో ఆయన సామాన్య రైతు. తన కొద్దిపాటి భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలానికి వెరవక న్యాయస్థానంలో పోరాడాడు. చివరకు హత్యకు గురయ్యాడు. రాజు ముస్లిం అయినంత మాత్రాన ఆ పేద ముస్లింకు ఒరిగినదేమీ లేదు. తెలంగాణ రైతాంగ పోరాటం ఆయనను అమరునిగా తలచుకొన్నది.

షోయబుల్లా ఖాన్ ఎదుర్కొన్న పరీక్ష అన్నింటికన్నా కఠినమైనదని మా అభిప్రాయం. పరాయివారిని ఎదిరించేవానిని తనవారు మెచ్చుకొంటారు. తనవారినే ఎదిరించేవానికి ఆ ఊరట కూడా దక్కదు. ఆయన 1920లో నేటి మహబూబాబాద్ ప్రాంతంలో జన్మించారు. ఉస్మానియా పట్టభద్రుడు. కోరుకొంటే సర్కారు కొలువు దొరకని మనిషి కాదు. మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్ అనే ఉర్దూ పత్రికలో చేరారు. సర్కారు దానిని మూయించగా, 1947 నవంబరులో ఇమ్రోజ్ దినపత్రికను ప్రారంభించారు. పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు వంటి మిత్రులు ఆయనకు అండగా నిలిచారు. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి మరొక ప్రభుత్వం నడుస్తున్నదని రజాకార్ల ఆగడాలను ఆయన ఎండగట్టారు. రజాకార్లను రద్దు చేయాలనీ, హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలనీ బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు విడుదల చేసిన ప్రకటనను 1948 ఆగస్టులో తన పత్రికలో అచ్చువేశారు. తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేయాలని కాసిం రజ్వీ బహిరంగ సభలో హెచ్చరించాడు. ఆగస్టు 21 అర్ధరాత్రి పని ముగించుకొని ఇంటికి వెళుతున్న షోయబుల్లాను కాచిగూడ సమీపంలో కాల్చి, రాసే చేతిని నరికారు. తెల్లవారకముందే ఆయన ప్రాణం విడిచారు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా ఒక చేతిని కోల్పోయారు.

ధర్మం పేరుతో సాగిన దౌర్జన్యానికి ధర్మాన్ని నమ్మినవాడే అడ్డు నిలిచాడు. న్యాయం కోసం స్వజనానికి వ్యతిరేకంగానైనా సాక్ష్యమివ్వాలని దివ్య ఖుర్ఆన్ అన్‌నిసా సూరా ఆదేశిస్తున్నది. ఆ సాక్ష్యమే షోయబుల్లా ఇచ్చారు.

ఆ తరువాత జరిగినదానిని దాటవేస్తే మేము కూడా సత్యాన్ని దాచినవారమే అవుతాము. సెప్టెంబరులో సైనిక చర్య అయిదు రోజులలో ముగిసింది. రజ్వీ సాగించిన దౌర్జన్యానికి శిక్షను మాత్రం అతని ముఖమైనా ఎరుగని పల్లెల ముస్లింలు అనుభవించారు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ప్రభృతుల సంఘం జిల్లాలలో పర్యటించి, హతుల సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. షోయబుల్లా మాటను ఆనాడే విని ఉంటే ఆ ఇళ్లలో ఎన్ని దీపాలు ఆరకుండా ఉండేవో అల్లాహ్‌కే ఎరుక. ఆ హంతకులను ప్రశ్నించడానికి వారి పక్షం నుండి ఎందరు షోయబుల్లాలు లేచారన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

నేడు మన ఖుత్బాలో ఏ పాలకుని పేరూ లేదు. నమాజు అనంతరం దుఆకు చేతులెత్తినప్పుడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్, షేక్ బందగీ, షోయబుల్లా ఖాన్‌ల మగ్ఫిరత్ కోసం వేడుకొందాం. చేయి కోల్పోయి బ్రతికిన ఇస్మాయిల్ ఖాన్‌ను కూడా మరువకుండా తలచుకొందాం. ఆమీన్.