ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో స్థానిక ప్రజాస్వామ్యం

హైదరాబాద్ తూర్పున, విజయవాడ రహదారి వెంట పెరిగిన ఈ ప్రాంతంలో చాలా భాగం ఒకప్పుడు ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాల కింద ఉండేది. 2007 ఏప్రిల్ 16న ఆ రెండూ మరో పది పురపాలక సంఘాలు, ఎనిమిది గ్రామ పంచాయతీలతో పాటు కొత్తగా ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిశాయి. కొత్త సంస్థకు తొలి ఎన్నికలు 2009 నవంబరులో గానీ జరగలేదు. రెండున్నరేళ్లు కార్పొరేటరే లేడు.

ఇక్కడ పౌరసమాజమంటే ముందుగా కాలనీ సంక్షేమ సంఘాలే. డ్రైనేజీ, మంచినీళ్లతో పాటు ఈ సంఘాలను ఏళ్లతరబడి వేధించింది రిజిస్ట్రేషన్ల సమస్య. స్థలాలు నిషేధిత జాబితాలో ఉండటంతో కట్టుకున్న ఇంటిని అమ్ముకోవడానికీ వీల్లేని కుటుంబాలు ఎన్నో. 2022 అక్టోబరులో వచ్చిన జీవో 118, గజానికి 250 రూపాయల చొప్పున కట్టించుకుని క్రమబద్ధీకరించేందుకు దారి తెరిచింది. అయితే ఈ సంఘాలు ప్రధానంగా ఇంటి యజమానులవి. కోచింగ్ కోసం వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే వేలాది యువతీయువకుల గొంతు వాటిలో వినబడదు. ఈ లోటును తేలిగ్గా తీసుకోకూడదు.

వ్యాపారులకూ ప్రభుత్వానికీ మధ్య పెద్ద వివాదం కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ది. సుమారు 22 ఎకరాల ఆ స్థలంలో ఆసుపత్రి కట్టాలని నిర్ణయించిన ప్రభుత్వం 2021లో మార్కెట్‌ను నగర శివారులోని బాటసింగారానికి తరలించింది. అక్కడ సరైన వసతులు లేవంటూ కమీషన్ ఏజెంట్లు హైకోర్టుకెక్కారు. 2022 మార్చిలో కూల్చివేతలు మొదలైనప్పుడూ వివాదం కోర్టు ముందుకే వెళ్లింది. అదే ఏడాది ఏప్రిల్ 26న అక్కడ తెలంగాణ వైద్య విజ్ఞాన సంస్థ (టిమ్స్) ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. తూర్పు హైదరాబాద్‌కు పెద్ద ప్రభుత్వాసుపత్రి అవసరమే. కానీ ఏజెంట్లు, హమాలీలు, రైతులు నిర్ణయానికి ముందే కూర్చుని మాట్లాడుకోగల ఎన్నికైన వేదిక లేదు. మార్కెట్ కమిటీ పాలకవర్గాన్ని నియమించేది ప్రభుత్వమే. అందుకే తగాదా నేరుగా కోర్టుకు చేరింది.

వీధి వ్యాపారుల విషయంలో చట్టం ఇంతకంటే ముందుంది. 2014 కేంద్ర చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులు తమలో నుంచి ఎన్నుకున్నవారై ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు కావాలి. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బట్టలమ్మే మనిషిని కదిలించాలంటే ముందుగా సర్వే చేయాలి, నోటీసు ఇవ్వాలి. ఆ కమిటీని నిజంగా ఎన్నికలతో ఏర్పరిచి, క్రమంగా సమావేశపరచాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద, నగరపాలక సంస్థ మీద ఉంది.