గొంతువాపు వ్యాధి: కొల్లేరు సీమలో యాంటీబయాటిక్ పాత్ర

గొంతువాపు పశువులకు, అందులోనూ గేదెలకు, వానాకాలంలో వచ్చే ప్రాణాంతక వ్యాధి. ఊపిరాడక పశువు గురక పెడుతుంది కాబట్టి గురక వ్యాధి అని కూడా అంటారు. దీనికి కారణం పాస్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. మన దేశంలో ప్రధానంగా కనిపించేది బి:2 రకం. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల నుంచి కొల్లేరు లంకల దాకా ఉన్న పల్లపు నేల దీనికి అనువైన చోటు. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు కొల్లేట్లోకి దిగే రోజుల్లో మేత తగ్గి, నానిన నేలలో నిలబడి పశువు నీరసిస్తుంది. ఆరోగ్యంగా కనిపించే కొన్నిటి గొంతులో అప్పటిదాకా అణిగి ఉన్న బ్యాక్టీరియా ఆ అదనులో విజృంభించి మందంతటికీ పాకుతుంది.

ఈ జబ్బును అదుపులో ఉంచేది వానలకు ముందు వేసే టీకాయే గానీ యాంటీబయాటిక్ కాదు. అలాగని మందు వృథా అనలేం. సల్ఫాడిమిడిన్, ఆక్సీటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ ఈ బ్యాక్టీరియా మీద పనిచేస్తాయి. చిక్కంతా వ్యవధితోనే. మొదట తీవ్రమైన జ్వరం, చొంగ. తర్వాత దవడ కింద మొదలైన వాపు మెడ మీదుగా రొమ్ము దాకా దిగుతుంది. ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉంటుంది. పశువు మెడ చాచి, నాలుక బయటపెట్టి ఊపిరి కోసం పెనుగులాడుతుంది. ఈ దశలో ఇంజెక్షన్ చేసినా బతకడం అరుదు. జ్వరం నుంచి చావు దాకా పట్టేది ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి గంటలే. అందుకే ఒక గేదె జబ్బుపడిన కొట్టంలో మిగిలినవాటికి పూటపూటా థర్మామీటరు పెట్టి, జ్వరం తగిలినదానికి వెంటనే వైద్యుడి చేత సూది వేయించాలి. యాంటీబయాటిక్ నిజంగా ప్రాణం నిలిపేది అక్కడే.

ముందుజాగ్రత్తగా మంద మొత్తానికి మందు వేస్తే సరిపోదా అన్న వాదన ఉంది. ఒక సూది ప్రభావం కొద్ది రోజులే, వానాకాలం నెలల తరబడి. పదే పదే వేస్తే మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలి, అవసరమైన నాడు అదే సూది పనిచేయదు. టీకా కూడా శాశ్వతం కాదనేది న్యాయమైన అభ్యంతరమే: పటిక కలిపిన టీకా రక్షణ నాలుగు నుంచి ఆరు నెలలు, నూనె కలిపినది దాదాపు ఏడాది. అయితే గండం కాలాన్ని గట్టెక్కించడానికి ఆ నాలుగైదు నెలలే కీలకం. టీకా వేశాక రక్షణ కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది గనుక వరద చూశాక వేయించడం ఆలస్యమే.

యాంటీబయాటిక్‌కు ఇలాంటి పరిమితులే కోళ్ల విషయంలోనూ ఉన్నాయి. తణుకు, తాడేపల్లిగూడెం కోళ్ల ఫారాల్లో మైకోప్లాస్మా వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధికి టైలోసిన్ వంటి యాంటీబయాటిక్‌లను తాగునీటిలో కలుపుతారు. వేల కోళ్లకు విడివిడిగా సూది వేయడం అసాధ్యమన్నది నిజమే. కానీ జబ్బుపడిన కోడి నీళ్లు తక్కువ తాగుతుంది; మందు ఎక్కువ కావలసిన దానికే తక్కువ అందుతుంది. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో బయటపడిన బర్డ్ ఫ్లూ వంటి వైరస్ జబ్బులకైతే ఏ యాంటీబయాటికూ పనిచేయదు. మనుషులకు ఆఖరి ఆసరాగా మిగిలిన కొలిస్టిన్‌ను ఆహార పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది. వాడకానికి అనుమతి ఉన్న మందులకు గడువు నియమం ఉంది: సీసా మీద వేరే గడువు రాసి లేకపోతే, చివరి మోతాదు తర్వాత పాలు, గుడ్లు కనీసం 7 రోజులు, మాంసం 28 రోజులు అమ్మకూడదు.