ఒకరి రాబడి, మరొకరి పాట

కవి గతించినా పద్యం నిలుస్తుంది. అక్షరాలు వచ్చినవారెవరైనా పాత పుస్తకం దుమ్ము దులిపి చదువుకోవచ్చు. పాశ్చాత్య వాద్యబృందం కోసం రాసిన సంగీతానికి ఆ సౌలభ్యం లేదు. కాగితం మీది స్వరలిపి చెవికి చేరాలంటే ఒక్కొక్క వాద్యానికీ విడిగా ప్రతులు సిద్ధం చేయాలి, పదుల సంఖ్యలో కళాకారులకు పారితోషికం ఇవ్వాలి, సాధనకు సమయం, ప్రదర్శనకు మందిరం సమకూర్చాలి. పేరులేని స్వరకర్త కోసం ఇంత వ్యయం ఎవరు భరిస్తారు? వినబడదు కనుక పేరు రాదు. పేరు లేదు కనుక వినబడదు. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్‌లో ఈ చిక్కుముడిని విప్పడానికి పూనుకున్నవారిలో స్వరకర్తలే ముందున్నారు.

వాద్యబృందం అక్కరలేని పాటలకైనా ఆపద తప్పదని ఐవర్ గర్నీ కథ చెబుతుంది. గ్లాస్టర్‌లో 1890లో పుట్టిన గర్నీ కవి, స్వరకర్త. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడై 1917లో గాయపడ్డాడు, విషవాయువు బారిన కూడా పడ్డాడు. యుద్ధానంతరం లండన్‌లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ వద్ద చదువు కొనసాగించాడు కాని మనసు కుదుటపడలేదు. 1922 నుండి 1937లో మరణించేదాకా మానసిక చికిత్సాలయాల్లోనే గడిపాడు. ఆయన రాతప్రతులను భద్రంగా దాచినది స్నేహితురాలు మేరియన్ స్కాట్. వాటిని వడపోసి అచ్చుకు సిద్ధం చేయడంలో శ్రమించినవాడు జెరాల్డ్ ఫింజీ అనే మరో స్వరకర్త. 1938లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ గర్నీ పాటలను రెండు సంపుటాలుగా ప్రచురించేసరికి ఆయన లేడు.

ఫింజీది చిత్రమైన మమకారం. కనుమరుగవుతున్న ఇంగ్లండు ఆపిల్ రకాలను తన తోటలో పెంచి కాపాడినట్లే, మరుగునపడిన పద్ధెనిమిదో శతాబ్దపు ఆంగ్ల స్వరకర్తల రచనలను సేకరించాడు. 1940లో న్యూబరీ స్ట్రింగ్ ప్లేయర్స్ అనే చిన్న బృందాన్ని స్థాపించి, ఆ రచనలను ఊళ్ళలోని చర్చిల్లో, సభామందిరాల్లో వినిపించాడు. 1956లో, 55 ఏళ్ళకే మరణించాడు.

ఒక మనిషి శ్రద్ధ ఆ మనిషితోనే ముగిసిపోవచ్చు. దానికి ఆధారంగా ఒక నిధి ఉండాలి. అదే 1956లో వాన్ విలియమ్స్, తన రచనల ప్రదర్శన హక్కులపై వచ్చే రాబడితో ఆర్.వి.డబ్ల్యు. ట్రస్టును నెలకొల్పాడు. మరుగునపడిన, అప్పుడప్పుడే తలెత్తుతున్న ఇతర బ్రిటిష్ స్వరకర్తలకు చేయూతనివ్వడం దాని ఆశయం. ఆయన 'ద లార్క్ అసెండింగ్' ఎక్కడ మోగినా, అందులో కొంత ఎవరో తెలియని స్వరకర్త రచనకు ఊపిరి అయ్యేదన్నమాట.

ఆయన ప్రాణమిత్రుడు గుస్తావ్ హోల్స్ట్ విషయంలోనూ ఇదే జరిగింది. హోల్స్ట్ 'ద ప్లానెట్స్' లోకప్రసిద్ధం. ఆయన కుమార్తె ఇమోజెన్ 1981లో హోల్స్ట్ ఫౌండేషన్‌ను స్థాపించింది. ఆ ఫౌండేషన్ అండతోనే 1989లో కోలిన్ మాథ్యూస్ ఎన్.ఎం.సి. అనే ధర్మసంస్థను ప్రారంభించి, సమకాలీన బ్రిటిష్ స్వరకర్తల సంగీతాన్ని రికార్డు చేయించసాగాడు.

అయితే ఈ ఊటకు గడువుంది. బ్రిటన్ చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన సంవత్సరం గడిచాక 70 ఏళ్ళకు కాపీరైట్ ముగుస్తుంది. 1934లో మరణించిన హోల్స్ట్ రచనల విషయంలో అది 2004 చివర ముగిసింది. వాన్ విలియమ్స్ 1958లో గతించాడు. ఆయన హక్కుల గడువు 2028 చివరిదాకానే. 2022లో ఆయన నూటయాభయ్యో జయంతి వేళ ఆ ట్రస్టు వాన్ విలియమ్స్ ఫౌండేషన్‌లో కలిసింది. కాపీరైట్ రాబడి ఆగాక కూడబెట్టిన మూలధనం మీదా, ఇతరుల దాతృత్వం మీదా ఆధారపడక తప్పదు.

గడువు తీరితే వాన్ విలియమ్స్ సంగీతానికి నష్టమేమీ లేదు. రుసుము లేకుండా ఇంకా ఎక్కువగా మోగుతుంది. నష్టపోయేది ఆ రుసుముతో బతికిన అనామకుల సంగీతం. దాతృత్వం ఎవరినీ మహాకవిని చేయలేదు, శ్రోత హృదయంలో ప్రేమను నాటలేదు. అది చేయగలిగినది ఒక్కటే: ఒక రచనను ఒక్కసారైనా వినే అవకాశం కల్పించడం. నచ్చిందో లేదో ఆ తరువాత మనం తేల్చుకోవచ్చు. వినకుండానే మరచిపోవడం మాత్రం తీర్పు కాదు, అన్యాయం.