పాత ఆట, కొత్త పెట్టె

మొన్న ఆదివారం అరోరా బాలాజీ గుడిలో దర్శనం చేసుకుని, పులిహోర తిని ఇంటికొస్తుంటే మా పెద్దవాడు కారులో అడిగాడు: "నాన్నా, బాబాయి ఆడిన కార్ల రేసు నా ప్లేస్టేషన్ 5లో వస్తుందా?" రాదురా అన్నాను. ఎందుకు రాదో చెప్పేసరికి ఇల్లు వచ్చేసింది. మిగతాది మీతో చెబుతున్నాను.

మన గుడి తలుపులు తెరుచుకున్న 1986లోనే అటారీ 7800 దేశమంతటా అమ్మకానికొచ్చింది. పాత 2600 కార్ట్రిడ్జులు దాదాపు అన్నీ అందులో ఆడేవి. 1991లో ఇక్కడికొచ్చిన సూపర్ నింటెండోలో మాత్రం పాతవి పట్టలేదు. కొనిపెట్టిన తల్లిదండ్రులకు ఒళ్ళు మండింది. మండదూ మరి!

2000లో ప్లేస్టేషన్ 2తో సోనీ మంచి కిటుకు చేసింది. మొదటి ప్లేస్టేషన్ ప్రాసెసర్‌నే లోపల పెట్టి, దానిచేత కంట్రోలర్లు, మెమరీ కార్డుల వంటి పైపనులు చేయించింది. పాత డిస్కు వేస్తే ఆ ముసలి చిప్పే మళ్ళీ గద్దెనెక్కేది. అమెరికాలో 2006 నాటి తొలి ప్లేస్టేషన్ 3లలోనూ ప్లేస్టేషన్ 2 చిప్పులు ఉండేవి. కానీ 60 జీబీ పెట్టె ధర 599 డాలర్లు! 2007లో 399 డాలర్లకు తెచ్చిన మోడల్‌లో వాటిని తీసేశారు. ప్లేస్టేషన్ 2 ఆటలూ వాటితోనే పోయాయి.

చిప్పు లేకుంటే సాఫ్ట్‌వేరే పాత యంత్రంలా నటించాలి. 2005లో ఎక్స్‌బాక్స్ 360 ఆ దారి పట్టింది. అయితే జాబితాలో ఉన్న ఆటలే ఆడేవి. ప్లేస్టేషన్ 5 సంగతీ తెలిసిందే: 4వ తరం ఆటలు చాలావరకు ఆడతాయి, అంతకుముందు డిస్కులు ఆడవు. కొన్ని పాతవి మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవాలి. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం అసలు అమ్మకంలోనే లేవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది.

ఆట మళ్ళీ కొనొచ్చు సరే, మెమరీ కార్డు మాటేమిటి? మా తమ్ముడు ఇక్కడ చదువుకునే రోజుల్లో సాధించిన టైము, వాడి పేరు ఆ కార్డులోనే ఉన్నాయి. వాడిప్పుడు హైదరాబాదులో ఉన్నాడు. వాడి రికార్డు బద్దలు కొట్టాలని మావాడి పంతం.

బేస్‌మెంటులో ప్లేస్టేషన్ 2 దొరికింది, కార్డూ దొరికింది. దాని ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు పెట్టే చోటే మా కొత్త టీవీకి లేదు. ఎవరైనా పాత ట్యూబ్ టీవీ పారేయబోతుంటే, ముందు స్టేషనుకు ఒక ఫోను కొట్టండి. నేనే వచ్చి మోసుకెళ్తాను.