బాలబాలికల అభ్యసన అంతరాలు: అంతర్జాతీయ పరీక్షలు, శ్రీకాకుళం జిల్లా

అంతర్జాతీయ పరీక్షల్లో లింగ అంతర విశ్లేషణ అంటే వివిధ దేశాల పిల్లలు రాసిన ఒకే తరహా పరీక్షల ఫలితాలను బాలురు, బాలికల వారీగా పోల్చే గణాంక అధ్యయనం. తరచూ సగటు మార్కుల తేడాను ప్రామాణిక విచలనంతో (మార్కుల వ్యాప్తిని తెలిపే కొలతతో) భాగించి అంతరాన్ని కొలుస్తారు.

2000లో మొదలైన అంతర్జాతీయ పరీక్ష పీసాను 15 ఏళ్ల విద్యార్థులకు నిర్వహిస్తారు. 2009లో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) దేశాల సగటున చదవడంలో బాలికలు 39 పాయింట్లు, గణితంలో బాలురు 12 పాయింట్లు ముందున్నారు. 2022లో ఈ అంతరాలు 24, 9 పాయింట్లు. ఆంధ్రప్రదేశ్ పీసాలో పాల్గొనలేదు.

అందువల్ల పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలున్న శ్రీకాకుళం జిల్లాకు సంబంధించి దగ్గరి ఆధారం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం. 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలో ఇది మొదలైంది. కోస్తా నుంచి శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాలను ఎంచుకున్నారు. రాష్ట్రంలో 1994–95లో పుట్టిన సుమారు 1,000 మందిని, 2001–02లో పుట్టిన సుమారు 2,000 మందిని నమూనాగా తీసుకుని పదసంపద, గణితం పరీక్షించారు.

పీసా బడిలో ఉన్నవారినే లెక్కిస్తుంది. యంగ్ లైవ్స్ ఇళ్లకు వెళ్లి చదువు మానేసినవారినీ పరీక్షిస్తుంది. అందువల్ల బాలికల బడిమానివేత ప్రభావం ఇందులో కనిపిస్తుంది.

ఆర్థికవేత్తలు స్టీఫన్ డెర్కన్, అభిజీత్ సింగ్ యంగ్ లైవ్స్ సమాచారంతో 2013లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పిల్లలు పెరిగేకొద్దీ అంతరం పెరుగుతుంది. కౌమారంలో భారత నమూనాలో బాలురు, వియత్నాంలో బాలికలు ముందున్నారు. ఆంధ్రప్రదేశ్ నమూనాలో ప్రైవేటు బడుల్లో బాలుర వాటా ఎక్కువ. దేశాన్ని బట్టి అంతరం దిశ మారడం వల్ల దీనికి సామాజిక కారణాలు ముఖ్యమని పరిశోధకులు భావిస్తారు. నమూనా పరిమితమైనందున ఈ ఫలితాలు మండల స్థాయి అంచనాలకు వర్తించవు.